నాలుగు గీతలూ ఉన్నాయి

రెండేళ్ళ కిందట వేసవిలో మా అక్కయ్యగారి ఊరు వెళ్ళాను. రాత్రి పన్నెండు దాటాక బావగారు గుండె పట్టుకుని లేచి కూర్చున్నారు. ఒళ్ళంతా చెమటలు. నేను సెల్‌ఫోను తీసి 108 నొక్కాను. తెర మీద సిగ్నలు గీతలు నాలుగూ నిటారుగా ఉన్నాయి గాని, ఫోను ఉలకదు, పలకదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అంతే. చివరికి అక్కయ్యే గోడ మీంచి పక్కింటివాళ్ళని కేకేసింది. వాళ్ళది వేరే కంపెనీ ఫోను. దాంతో అంబులెన్సు వచ్చింది. బావగారు ఇప్పుడు కులాసాగానే ఉన్నారు. చారులో ఉప్పు తగ్గిందని అక్కయ్య మీద విసుక్కుంటున్నారు కూడాను.

కాని ఆ నాలుగు గీతలు మాత్రం నన్ను వదల్లేదు. అవి లేకపోతే నేనూ మొదటే పక్కింటికి పరుగెత్తేవాణ్ణి కదా! ఆ ఉడుకుమోత్తనంతోనే ఈ ఆపద నంబర్ల పుట్టుపూర్వోత్తరాలు తిరగేశాను.

కథ లండన్లో మొదలవుతుంది. 1935 నవంబరులో వింపోల్ స్ట్రీట్‌లో ఒక డాక్టరుగారి ఇల్లు అంటుకుంది. పొరుగాయన ఫైరింజను కోసం ఫోనెత్తితే ఎక్స్‌ఛేంజిలో ఎంతకీ పలకరే! అప్పట్లో అన్ని పిలుపులూ ఒకటే వరస. చుట్టాన్ని భోజనానికి పిలిచేవాడూ, ఎదురుగా ఇల్లు కాలుతున్నవాడూ అక్కడ సమానమే. ఆ మంటల్లో ఐదుగురు ఆడవాళ్ళు పోయారు. ఆ పొరుగాయన కడుపుమంటతో ‘టైమ్స్’ పత్రికకు ఉత్తరం రాశాడు. ప్రభుత్వం కమిటీ వేసింది. (కమిటీ వేశాక పని కూడా జరిగిందంటే నమ్మండి.) 1937 జూన్ 30న లండన్లో 999 వచ్చింది. ఆ నంబరు తిప్పితే ఎక్స్‌ఛేంజిలో ఎర్రదీపం వెలిగి, బూర మోగుతుంది. ఆ మోత భరించలేక అమ్మాయిలు బూర నోట్లో టెన్నిస్ బంతి కుక్కారట!

తొమ్మిదే ఎందుకయ్యా అంటే, పొగలో కళ్ళు కనపడకపోయినా డయలు చివర, సున్నా పక్క కన్నాన్ని వేలితో తడిమి పట్టుకోవచ్చు. 111 పెడదామంటే, గాలికి తీగలు రాసుకున్నా ఆ నంబరు పోతుందని భయపడ్డారు. ఎంత ముందుచూపో చూడండి.

ఆస్ట్రేలియాలో 000 1961లో, అమెరికాలో 911 1968లో వచ్చాయి. మన 108 హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైంది.

ఇంట్లో ఫోనుకి తీగ ఉంది. తీగ చివర ఇల్లుంది. సెల్‌ఫోనుకి అవేవీ లేవు. అయితే దాన్ని తయారుచేసినవాళ్ళు ఒక పుణ్యం కట్టుకున్నారు. మన కంపెనీ టవరు అందకపోతే, 112 అన్న పిలుపు ఏ కంపెనీ టవరు దొరికితే దాని మీదుగా పోతుంది. దాహమన్నవాడికి ఎవరి బావయితేనేం? ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని తెర మీద పడేది అందుకే. కాకపోతే ఒక మెలిక ఉంది. తన టవరు పనికిరాదని ముందు ఫోనుకి తెలియాలి.

2023 నవంబరు 8న ఆస్ట్రేలియాలో ఒక పెద్ద కంపెనీ ఫోన్లు దేశమంతటా మూగబోయాయి. లోపలి వ్యవస్థ కుప్పకూలినా టవర్లు కొన్ని సిగ్నలు పంపుతూనే ఉన్నాయి. ఆ సిగ్నలు నమ్మి ఫోన్లు వేరే టవరు వెతుక్కోలేదు. 2,145 మందికి 000 అందలేదు. అది చదివేసరికి నాకు అక్కయ్యగారి గదీ, ఆ నాలుగు గీతలూ కళ్ళముందు కొచ్చాయి. లోపలి లంకె తెగినప్పుడు టవరు తనంతట తాను సిగ్నలు ఆపేయాలని తరవాత విచారణలో సిఫారసు చేశారు. చేతగానప్పుడు చేతగాదని చెప్పడం యంత్రానికీ నేర్పాల్సి వచ్చిందన్నమాట! అదే కంపెనీలో 2025 సెప్టెంబరు 18న మళ్ళీ గొడవ. ఈసారి మామూలు కాల్స్ వెళ్తున్నాయి, 000 మాత్రం వెళ్ళలేదు. ఈసారి ప్రాణాలు పోయాయి.

మనకీ ఇప్పుడు అన్నిటికీ 112 ఉంది. బొత్తాల ఫోన్లో 5 గాని 9 గాని కాసేపు నొక్కిపట్టుకుంటే సహాయానికి పిలుపు వెళ్ళాలని 2016లో ప్రభుత్వం నిబంధన పెట్టింది. నేనైతే వేరే కంపెనీది ఇంకో సిమ్ము కూడా వేయించుకున్నాను. బావగారికీ వేయించాను.

అక్కయ్య మాత్రం పక్కింటి గోడ దగ్గర ఓ ఎత్తుపీట వేసి ఉంచింది.