వేదంలా ఘోషించే గోదావరి (సినిమా పాట)

1983లో వచ్చిన ‘ఆంధ్రకేసరి’ చిత్రంలోని ఈ పాటను ఆరుద్ర రాశారు. సత్యం స్వరపరచగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడారు. టంగుటూరి ప్రకాశం పంతులు జీవితంపై విజయచందర్ తీసిన సినిమా అది. సినిమా సంగతి మరిచిపోయినవాళ్లకు కూడా పాట మాత్రం గుర్తే. రాజమహేంద్రవరాన్ని కీర్తించే ఈ పాటను ఆ ఊళ్లో సినిమా పాటగా కాక ఊరి పాటగానే పాడుకుంటారు.

ప్రకాశం కథలోకి ఈ ఊరు రావడంలో వింతేమీ లేదు. ఒంగోలు ప్రాంతంలో పుట్టిన ఆయన, గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు వెంట ఇక్కడికి చేరారు. నాటకాల్లో వేషాలు కట్టారు, ప్లీడరీ చేశారు, మునిసిపల్ చైర్మన్ అయ్యారు. ఇంగ్లండ్ వెళ్లి బారిస్టరైంది ఆ తర్వాతే.

పాటకు ప్రాణం ఆరుద్ర పాండిత్యం. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ సంపుటాలు వెలువరించిన చేయి ఇక్కడ మూడు చరణాలతో సరిపెట్టుకుంది. మొదటి చరణంలో రాజరాజనరేంద్రుడి నుంచి కాకతీయులు, రెడ్డిరాజులు, గజపతుల దాకా ఏలికలంతా వరుస కడతారు. రెండోది కవులది. 11వ శతాబ్దంలో రాజరాజు కొలువులో భారత రచనకు పూనుకున్న నన్నయ, రెడ్డిరాజుల ఆస్థానంలో ‘కాశీఖండం’ రాసిన శ్రీనాథుడు అందులో కనిపిస్తారు. మూడో చరణం అన్నిటికన్నా పదునైనది. సారంగధర కథలోని చిత్రాంగి మేడను కవి కల్పనల్లో కలిపేస్తాడు. కోటిలింగాలలో కొన్నిటిని ఏరు పట్టుకుపోయిందంటాడు. మిగిలిన సంపదగా కందుకూరి వీరేశలింగం ఒక్కడినే చూపిస్తాడు. 1881 డిసెంబర్ 11న ఇదే ఊళ్లో తొలి వితంతు వివాహం జరిపించిన మనిషికి, గుళ్లనూ మేడలనూ దాటించి వేసిన పీట అది. భక్తిగా మొదలైన పాట సంస్కర్త దగ్గర ఆగడం గొప్ప నేర్పు.

గోల్కొండ, ఫ్రెంచి, ఇంగ్లీషు ఏలుబడులు పాటలో లేవు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట లేదు, దాన్ని కట్టించిన కాటన్ దొర లేడు. డెల్టా రైతుకు ఇది లోటుగానే తోస్తుంది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఇక్కడ ప్రసంగించగా చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగు చేసిన సందర్భానికి కూడా చోటు దక్కలేదు.

ఊరి మీద పాట వేసిన ముద్ర మాత్రం గట్టిది. బడి వార్షికోత్సవాల్లో పిల్లలు దీనికి నృత్యం చేస్తారు, సాహిత్య సభలకు ఇది ప్రారంభ గీతమవుతుంది, పుష్కరాల వేళ రేవుల్లో మైకులు మోగిస్తాయి. నన్నయ, శ్రీనాథుడు, వీరేశలింగం అన్న వరుసను పుస్తకం తెరవకుండానే ఒప్పజెప్పే కుర్రాళ్లున్నారంటే, ఆ పుణ్యం చాలావరకు ఈ పాటదే.

గోదావరి మీద సినిమా పాటలకు కొదవ లేదు. ‘మూగమనసులు’ (1964) కోసం దాశరథి రాసిన గోదారి గట్టు పాట అల్లరిది, చరిత్ర జోలికి పోదు. శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006)కి వేటూరి రాసిన పాటను మళ్లీ బాలసుబ్రహ్మణ్యమే పాడారు. నదిని వేదంతో పోల్చడం అక్కడా ఉంది. కాకపోతే ఆ సినిమాలోని పడవ రాజమహేంద్రవరాన్ని వదిలి భద్రాచలం వైపు సాగిపోతుంది.