పెరడును బడియును

ఛత్తీస్‌గఢీ భాషలో ఇంటి వెనుక కూరతోటను ‘బాడీ’ యందురు. టాటీబంధ్‌లో నివసించు మన పిల్లల చెవికి అది ‘బడి’ వలె వినబడును. ఈ పోలిక యాదృచ్ఛికమే. కాని పెరటికిని బడికిని గల చుట్టరికమునకు చరిత్ర కలదు.

జర్మనీలో ఫ్రోబెల్ 1837లో శిశువిద్యాలయము స్థాపించి, 1840లో దానికి ‘పిల్లల తోట’ యను అర్థము గల కిండర్‌గార్టెన్ నామ మిడెను. ఆయన పద్ధతిలో ప్రతి బిడ్డకును సొంత మడి యుండవలెను.

1937 అక్టోబరులో గాంధీజీ అధ్యక్షతన వార్ధాలో విద్యాసభ జరిగెను. తరువాత జాకిర్ హుస్సేన్ సంఘము తోటపనిని మూలవృత్తులలో చేర్చెను. ఆ కాలముననే మధ్యపరగణాల విద్యామంత్రి, రాయపూరు న్యాయవాది రవిశంకర శుక్లా ‘విద్యామందిర’ ప్రణాళికను తలపెట్టెను. దానముగా వచ్చిన భూమి ఫలసాయముతో పల్లెబడి నడువవలెనని దాని యుద్దేశము. 1939లో ఆ మంత్రివర్గము రాజీనామా చేయుటతో దానికి అండ తగ్గెను.

ఇందొక చిక్కు కలదు. తోట బడిని పోషించుటకా, బిడ్డను పెంచుటకా? ఆదాయముపై దృష్టి మితిమీరినచో విద్య వెనుకబడునని జాకిర్ హుస్సేన్ సంఘమే హెచ్చరించెను.

మన క్వార్టర్ల ముంగిట ఆ చిక్కు లేదు. తొలకరికి బిడ్డచేత రెండు గింజలు నాటింపుడు. గుమ్మడిపువ్వు వేకువను, బీరపువ్వు సాయంకాలమున విచ్చుట వాడే కనిపెట్టును. మొక్క ఎండినచో మందలింపకుడు. ఏల ఎండెనో వానినే అడుగుడు. కాయ కాయకున్నను ఆ ప్రశ్నయే మొదటి పంట.