ముద్రణాలయ నమోదు నిబంధనలు – తెలుగు సాహిత్య చరిత్ర ఆకరాలు

ప్రాచీన కవుల కాలనిర్ణయానికి శాసనాలు, కావ్యావతారికలు ఆధారమైనట్లే, పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధం నుంచి వెలువడిన అచ్చు పుస్తకాల చరిత్రకు మద్రాసు ప్రభుత్వ త్రైమాసిక పుస్తక పట్టికలు ఆధారం. అవి సాహిత్యాభిమానంతో పుట్టినవి కావు; ముద్రణ వ్యాపారంపై ప్రభుత్వం విధించిన నమోదు నిబంధనల ఫలితాలు. ఆ నిబంధనల స్వరూపాన్ని, వాటి రద్దు వల్ల పరిశోధనకు కలిగే లోటును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1867 నాటి 25వ చట్టం ప్రకారం ప్రెస్సు నిర్వాహకుడు మేజిస్ట్రేటు ఎదుట డిక్లరేషను ఇవ్వాలి. ప్రతి పుస్తకంపైనా ముద్రాపకుని పేరు, ముద్రణస్థలం ఉండాలి. పుస్తకం ప్రెస్సు నుంచి వెలువడిన నెలలోగా ప్రతులను ప్రభుత్వానికి అందజేయాలి. 18వ సెక్షను గ్రంథనామం, భాష, రచయిత, విషయం, పుటలు, పరిమాణం, ఎన్నవ ముద్రణ, ప్రతుల సంఖ్య, వెల, కాపీహక్కుదారు వంటి వివరాల నమోదును కోరింది. 19వ సెక్షను వాటిని మూడు నెలలకొకసారి గెజెట్‌లో ప్రకటించమంది.

వీటిలో ప్రతుల సంఖ్య విశిష్టమైనది. 'కన్యాశుల్కం' 1897, 1909 ముద్రణలను పోల్చే పరిశోధకుడు పాఠభేదాలను ఆ పుస్తకాలలోనే చూడగలడు. ఒక ముద్రణకు ఎన్ని ప్రతులు వేశారన్నది మాత్రం చాలా సందర్భాలలో పుస్తకం చెప్పదు. రచన చరిత్ర నుంచి పఠన చరిత్రకు సాగాలంటే ఇటువంటి నమోదు అవసరం.

అయితే ఈ ఆకరానికి పరిమితులున్నాయి. పుస్తకాలను భద్రపరచే చట్టమే ప్రెస్సులపై నిఘాకూ వీలు కల్పించింది. పైగా అది బ్రిటిష్ ఇండియాకే వర్తించింది. నిజాం రాజ్యంలోని ముద్రణ దాని పరిధిలోకి రాలేదు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించవలసివచ్చిన సందర్భాన్ని ఇక్కడ స్మరించాలి. నమోదు లేకపోవడం సాహిత్యం లేకపోవడం కాదు.

నిబంధనల రూపకల్పనలో ప్రజల పాత్ర కూడా గమనార్హం. 1867 చట్టం 20వ సెక్షను ప్రభుత్వం చేసిన నియమాలను గెజెట్‌లో ప్రకటిస్తే చాలునంది. మూలచట్టం ముందస్తు ప్రకటనను కోరినప్పుడు ముసాయిదాను ప్రచురించి, అభ్యంతరాలను, సూచనలను పరిశీలించాలని 1897 నాటి జనరల్ క్లాజుల చట్టం 23వ సెక్షను విధించింది. 1867 చట్టం స్థానంలో తేదలచిన బిల్లు ముసాయిదాను కేంద్రప్రభుత్వం 2019 నవంబరులో ప్రజాభిప్రాయానికి విడుదల చేసింది.

2023లో ఆమోదం పొంది 2024 మార్చి 1న అమలులోకి వచ్చిన పత్రికలు, నియతకాలికల నమోదు చట్టం పాత చట్టాన్ని రద్దు చేసింది. పుస్తకాలనూ, శాస్త్రీయ, సాంకేతిక, విద్యావిషయక పత్రికలనూ తన పరిధి నుంచి మినహాయించింది. ఇది ప్రకాశకులకు భారం తగ్గించే సంస్కరణే. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ద్వారా గ్రంథాలయాలకు ప్రతులు చేరుతాయి. జాతీయ గ్రంథసూచి వాటిని నమోదు చేస్తుంది. కాని అందులో ప్రతుల సంఖ్య ఉండదు.

వ్యాపార నిబంధనగా కనిపించేది కాలక్రమంలో సాహిత్య ఆకరమవుతుందని ఈ చరిత్ర నిరూపిస్తున్నది. కనుక ఇటువంటి ముసాయిదాలు ప్రజాభిప్రాయానికి వచ్చినప్పుడు ప్రకాశకులతోపాటు సాహిత్య శాఖలు కూడా స్పందించాలి. నమోదు కాని వివరాన్ని తరువాతి తరం పరిశోధకుడు ఏ గ్రంథాలయంలోనూ వెదకి సాధించలేడు.