పాంబన్ చేపలోళ్ల రేడియో

కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి అన్నలూ, అక్కలూ.

తమిళనాడులో రామేశ్వరం దీవి మీద పాంబన్ అనే చిన్న ఊరుంది. 1914లో ప్రారంభమైన సముద్రపు రైలు వంతెన వల్ల ఆ పేరు చాలామందికి తెలుసు. ఆ ఊళ్లో 2016 ఆగస్టు 15న ఒక రేడియో మొదలైంది. పేరు కడల్ ఓసై, 90.4 ఎఫ్ఎం. కడల్ అంటే సముద్రం, ఓసై అంటే చప్పుడు. చేపలు పట్టి బతికే వాళ్ల కోసం పెట్టిన రేడియో. మైకు ముందు మాట్లాడేది కూడా ఎక్కువగా ఆ ఇళ్ల పిల్లలే.

అక్కడ గాలి కబురు ముందే తెలియడం ప్రాణాల మీది విషయం. 1964 డిసెంబరు తుఫానుకి అదే దీవి చివర ఉన్న ధనుష్కోటి ఊరే లేకుండా పోయింది. ప్రయాణికులతో ఉన్న రైలు కూడా కొట్టుకుపోయింది. దానికి తోడు శ్రీలంక సరిహద్దు దగ్గరే. పడవ గీత దాటితే అరెస్టు. పెద్ద రేడియోలో వాతావరణం చెప్తారు కదా అంటారేమో. చెప్తారు, కానీ రేవులో మాట్లాడుకునే మాటల్లో చెప్పరు.

ఇలాంటి రేడియో పెట్టుకునే వీలు మనలాంటోళ్లకి ఊరికే రాలేదు. అసలు మలుపు క్రికెట్ వల్ల వచ్చిందంటే నేను మొదట నమ్మలేదు! మ్యాచ్‌ల ప్రసారం ఎవరిదన్న గొడవ సుప్రీంకోర్టుకి పోయింది. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఆ ముగ్గురు జడ్జిల్లో మన తెలుగాయన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. తీర్పు వచ్చినా చాలా ఏళ్లు ఏమీ కదల్లేదు. తర్వాత కాలేజీలకి మాత్రం ఒప్పుకున్నారు, 2004లో చెన్నైలో అన్నా ఎఫ్ఎం వచ్చింది. ఊళ్లల్లో పనిచేసే సంస్థలకి అనుమతి 2006 నవంబరులోనే.

ఆ ఆలస్యం ఎవరికి తగిలిందో చూడండి. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత ఆడవాళ్లు 1990ల చివరి నుంచే కార్యక్రమాలు రికార్డు చేసి పెట్టుకున్నారు. గాల్లోకి వదిలే అనుమతి లేక సంఘం మీటింగుల్లో క్యాసెట్లు వేసి వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న గానీ వాళ్ల సంఘం రేడియో మొదలవలేదు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ దాన్ని నడిపిన వాళ్లు. అదీ 90.4 మీదే. ట్రాన్స్‌మిటర్ బలం చిన్నది, కొన్ని కిలోమీటర్లే వినిపిస్తుంది, అందుకే ఒకే నంబరు రెండు చోట్లా నడుస్తుంది.

ఇక నేనెందుకు ఇదంతా రాస్తున్నానంటే, 2006 విధానంలో ఒక మాట ఉంది. కార్యక్రమాల్లో సగమైనా ఆ చోటే తయారవ్వాలి, వీలైనంత అక్కడి భాషలో, యాసలో ఉండాలి. సొంతంగా వార్తలు చదవనివ్వరు, అది నాకు నచ్చలేదు. కానీ భాష సంగతి చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమెకి కోయ తప్ప వేరే రాదు. మా ఇంట్లో రేడియో ఉండేది, ఆమె మాత్రం పాటలొచ్చినప్పుడే దగ్గరికొచ్చేది. మాటలు మొదలైతే లేచిపోయేది. హాస్టల్‌కి వచ్చాక నేనూ కోయలో మాట్లాడ్డం తగ్గించేశా, పిల్లలు నవ్వుతారని.

దరఖాస్తు పెట్టే సంస్థ రిజిస్టరై కనీసం మూడేళ్లు పనిచేసి ఉండాలని అదే విధానంలో ఉంది. మన గ్రూపుకి ఇంకా రిజిస్ట్రేషనే లేదు. ఆ పని తెలిసిన సీనియర్లు ఎవరైనా ఉంటే కింద చెప్పండి. ఈలోపు సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అమ్మమ్మ చెప్పే కథలు ఫోన్లో రికార్డు చేస్తా.