స్కూబాకు తొలి కొనుగోలు మాస్కే!

మోండా మార్కెట్ (సికింద్రాబాద్): కూరగాయలను చేత్తో పట్టి చూసి కొనే మోండా మార్కెట్ పద్ధతే స్కూబా డైవింగ్ సామగ్రికీ వర్తిస్తుంది. విశాఖపట్నం రుషికొండ వంటి చోట్ల సముద్రంలోకి దిగదలచిన కొత్తవారు తొలుత మాస్కు ఒక్కటి కొనుక్కుంటే చాలు. పట్టీ తగిలించకుండా దానిని ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చాలి. చెయ్యి వదిలినా జారిపోకుంటే అది సరిపోయినట్లే.

మాస్కుకు బదులు ఈత కళ్లద్దాలు వాడరాదు. 10 మీటర్ల లోతున పీడనం ఉపరితలం కంటే రెట్టింపవుతుంది. ముక్కును కూడా కప్పే మాస్కులోకి గాలి వదిలి ఆ ఒత్తిడిని సరిచేసుకోవచ్చు. కళ్లద్దాలతో అది సాధ్యం కాదు; కళ్లు దెబ్బతినే ప్రమాదముంది.

రెగ్యులేటర్, సిలిండర్, గాలి జాకెట్లను సాధారణంగా శిక్షణ కేంద్రాలే సమకూరుస్తాయి. శిక్షణ పూర్తయ్యాకే వాటి కొనుగోలు గురించి ఆలోచించడం మేలు.