యాభై ఎనిమిదో రోజు

చెన్నైలో కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్. ఆంధ్ర, తెలంగాణ కంపెనీల దివాలా అప్పీళ్లు వినేది ఈ బెంచే. గుంటూరు వైపు ఏదో ఒక నూలు మిల్లు అనుకోండి, పేరు అక్కర్లేదు. దాని డైరెక్టరు పక్కనే వెనక వరసలో మీరున్నారు. రాత్రంతా రైల్లో వచ్చిన మనిషి. ఒళ్లో లావుపాటి ఫైలు.

ఐటెం పిలిచారు. ఆయన లాయరు లేచారు. బెంచి మిల్లు సంగతి అడగలేదు.

"లిక్విడేషన్ ఆర్డరు కోర్టులో ఎప్పుడు చదివారు? అప్పీలు ఎప్పుడు వేశారు?"

"మధ్యలో యాభై ఎనిమిది రోజులు, మైలార్డ్."

డైరెక్టరు మీ వైపు వంగుతారు. "మెషినరీకి సగం విలువే కట్టారండీ. కాయితాలన్నీ ఉన్నాయి. ముందు అది చూడమనండి."

నిజమే కావచ్చు. కానీ కంపెనీని మూసి ఆస్తులు అమ్మేయమనే లిక్విడేషన్ ఆర్డరును తప్పుపట్టడానికి చట్టం ఒప్పుకునే కారణాలు రెండే: తీవ్రమైన అక్రమం, లేదా మోసం. ఈయన మొర అందులోకి వస్తుందో రాదో తేలాలన్నా ముందు గడువు దాటి ఉండకూడదు. దివాలా చట్టం 61వ సెక్షన్ ఇచ్చేది 30 రోజులు. తగిన కారణం చూపిస్తే ఇంకో 15. ఆ తర్వాత మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కే లేదు.

"ఉచిత కాపీ మాకు అందలేదు..." అంటున్నారు లాయరు.

"సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు ఎప్పుడు పెట్టారు?"

పేజీలు తిరుగుతున్నాయి. డైరెక్టరు చేతులు ఫైలు మీద బిగుసుకున్నాయి.

"యాభయ్యో రోజున."

కాపీ తయారీకి పట్టిన రోజుల్ని లెక్కలోంచి తీసేస్తారు. అయితే గడువులోపే దరఖాస్తు పెట్టినవాళ్లకే. కోర్టులో ఆర్డరు చదివిన రోజు నుంచే లెక్క మొదలవుతుందనీ, ఉచిత కాపీ కోసం ఆగామంటే చెల్లదనీ 2021 అక్టోబరు 22న వి. నాగరాజన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

పక్కన కూర్చున్న మనిషిని చూస్తే మనసు కలుక్కుమంటుంది. అయినా ఈ నియమం న్యాయమైనదనే నేనంటాను. ఈ హాల్లో కనిపించని మిల్లు కార్మికుల్ని తలుచుకోండి. వాళ్లకు లిక్విడేషన్ ఆర్డరే ఉద్యోగం నుంచి తొలగింపు నోటీసు. దానికి ముందు 24 నెలల జీతం బకాయిలో వాళ్లది, తాకట్టు పెట్టించుకున్న బ్యాంకులతో సమానమైన వరస. కానీ ఆస్తులు అమ్ముడుపోతేనే చేతికి డబ్బు. వాయిదా మీద వాయిదా పడేకొద్దీ ఆగిపోయిన రింగ్‌ఫ్రేములు తుప్పు పడతాయి, ధర దిగిపోతుంది. ఆ నష్టంలో వాళ్ల బియ్యం డబ్బులు, పిల్లల ఫీజులు ఉన్నాయి.

"ఆలస్యాన్ని మన్నించలేం. అప్పీలు కొట్టివేస్తున్నాం." తర్వాతి ఐటెం పిలిచేశారు.

"ఇంక దారే లేదాండీ?" అని అడుగుతున్నారాయన, వరండాలోకి వచ్చాక.

ఉంది. చట్టానికి సంబంధించిన ప్రశ్న ఏదైనా ఉంటే సుప్రీంకోర్టుకు వెళ్లొచ్చు. దానికీ గడువుంది, ఆర్డరు అందిన నాటి నుంచి 45 రోజులు. కాపీకి దరఖాస్తు మాత్రం ఈరోజే పెట్టమని ఆయనకు చెప్పండి.