తేనెటీగ ఏ పూత మీద వాలుతుంది?

ప్రత్యేక సంచికకు ఎవరి శాఖ అనుభవం వారు రాయాలని మన కార్యవర్గం కోరింది. ఉద్యానశాఖలో క్షేత్రస్థాయిలో పనిచేసినవాడిని కనుక, మంథని ప్రాంతపు రైతులు నన్ను ఏటా అడిగిన ఒక ప్రశ్నను, దాని వెనుక ఉన్న చరిత్రను మనవి చేస్తాను. "పూత మస్తుగ వచ్చింది సారూ, కాయెందుకు నిలుస్తలేదు?" అన్నదే ఆ ప్రశ్న.

నీరు, ఎరువు, మంచు, తెగులు అన్నిటికీ ఇందులో వాటా ఉంది. పూత మీద వాలే పురుగుల వాటాను మాత్రం లోకం చాలా ఆలస్యంగా గుర్తించింది. తేనెటీగ ఒక విడత బయలుదేరితే ఒకే జాతి పూలను వెతుక్కుంటుందని క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ రాశాడు. అందువల్ల చెట్టుకు జరిగే మేలు ఏమిటో తెలియడానికి మరో రెండువేల ఏండ్లు పట్టింది. పూల రంగు, వాసన, తేనె పురుగులను పిలవడానికేనని స్ప్రెంగెల్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు 1793లో గ్రంథం ప్రచురించాడు. ఆయన జీవితకాలంలో దానిని పట్టించుకున్నవారు తక్కువ. తర్వాత డార్విన్ దాని విలువను చాటాడు. 1890ల దశకంలో అమెరికాలో వెయిట్ అనే శాస్త్రవేత్త, ఒకే రకం బేరిచెట్లతో నిండిన తోట సరిగా కాయకపోవడానికి కారణం పరపరాగం అందకపోవడమేనని తేల్చాడు. తేనె దొరికిన దిక్కును, దూరాన్ని తేనెటీగ నాట్యం చేసి తోటి ఈగలకు చెబుతుందని కనిపెట్టిన కార్ల్ వాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ చరిత్ర మనకెందుకంటే, తేనెటీగ అన్ని పండ్ల పూతనూ ఒకే తీరుగా ఆదరించదు. నిమ్మ, బత్తాయి, నారింజ పూతలో వాసనా తేనె రెండూ ఉంటాయి కనుక గుంపులుగా వస్తుంది. జామ పూవుకు ఎక్కువగా పుప్పొడి కోసం పొద్దున్నే వస్తుంది. మామిడి పూత మీద ఎక్కువగా కనిపించేవి మామూలు ఈగలు. తేనెటీగలు వచ్చినా, పక్కచేనులో అంతకన్నా తియ్యని తేనె దొరికితే అటే పోతాయి. సీతాఫలానికైతే తేనెటీగతో పనే లేదు, చిన్న పెంకు పురుగులే దానికి ఆధారం. పుచ్చ తీగకు మగపూలు, ఆడపూలు వేరు. ఆడపూవు తెరిచి ఉండేది ఒక్కపూటే. ఆ కాస్త సమయంలో తేనెటీగలు ఏడెనిమిదిసార్లయినా వాలకపోతే కాయ వంకర తిరుగుతుంది, లేదా పిందె రాలిపోతుంది.

ఒకవైపు గోదావరి, మరోవైపు మహదేవపూర్ అడవి ఉన్న మంథనికి తేనెటీగలు కొరత కాకూడదు. చెట్ల మీద కొండ తేనెటీగ, తొర్రల్లో పుట్ట తేనెటీగ మన తాతలకు తెలిసినవే. అయితే 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వ్యాధి దక్షిణ భారతంలో వ్యాపించి పెట్టెల్లో పెంచే పుట్ట తేనెటీగలను ఊడ్చిపెట్టింది. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు 1960ల దశకంలో ఉత్తరాదిన నిలదొక్కుకునేలా చేసిన ఇటాలియన్ తేనెటీగలే ఆ తర్వాత పెంపకందారులకు దిక్కయ్యాయి.

వైరస్ మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది మందు. మామిడికి తేనెమంచు పురుగు పడితే పూత మాడిపోతుంది, మందు కొట్టక తప్పదు. అది పూలు విచ్చక ముందే జరగాలి. కాని మన దగ్గర చాలా తోటలు పూతమీదే గుత్తకు పోతాయి. గుత్తదారుకు ఆ ఒక్క పంటే లెక్క. పూలు విరగబూసిన వేళ, పట్టపగలు మందు కొట్టించడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ మందుకు మామిడికి పనికొచ్చే ఈగలూ చస్తాయి, పక్కచేనులో పుచ్చ, దోస, బీర వేసుకున్న చిన్న రైతుకు ఆసరా అయిన తేనెటీగలూ చస్తాయి. మందు కొట్టించేది ఒకరు, నష్టపోయేది మరొకరు. ఆ నష్టం ఏ పంచనామాలోనూ ఎక్కదు.

ఐరోపా దేశాలు 2018లో ఇమిడాక్లోప్రిడ్‌తో సహా మూడు మందులను ఆరుబయలు పంటలపై నిషేధించాయి. ఐక్యరాజ్యసమితి నిర్ణయం మేరకు అదే ఏడు నుండి మే 20న ప్రపంచ తేనెటీగల దినం జరుపుతున్నారు. అంత దూరం పోకుండానే మనం చేయగలిగిన పనులున్నాయి. తోట గుత్తకు ఇచ్చేటప్పుడు, పూలు విచ్చిన తర్వాత మందు కొట్టరాదనే షరతును కాగితంలో రాయించాలి. విధిలేక కొట్టవలసివస్తే పొద్దు గూకినాక కొట్టాలి. గట్టు మీది చింత, నేరేడు, కుంకుడు చెట్లను ఉంచుకోవాలి. దశేరి వంటి రకం తన పుప్పొడితో తాను కాయదు కనుక నడుమ వేరే రకం చెట్లు పెట్టాలి.

మనలో చాలామందికి ఊళ్ళో నాలుగు చెట్లైనా ఉన్నాయి, మన మాట వినే రైతులూ ఉన్నారు. ఈసారి పూతకాలంలో ఆ గుత్తకాగితం సంగతి ఒక్కరికైనా చెప్పవలసిందిగా మిత్రులను కోరుతున్నాను.